బరువు తెగిన ఇంజను – వేగపు కట్టడి

(మన సంఘపు సభయందు చేసిన ప్రసంగపు పాఠము)



మన కుటుంబములలో అనేకులకు డీజిలు ఇంజను కొత్త వస్తువు కాదు. కొందఱకు లారీలు కలవు. కొందఱకు చేపల పడవలు కలవు. కొందఱు బోరు బండ్లు నడుపుచున్నారు. మఱికొందఱు ఇంజనులను విప్పి బిగించుటయే వృత్తిగా జీవించుచున్నారు. కావున ఇంజను ఎట్లు తిరుగునో మొదటినుండి చెప్పి మీ కాలమును హరింపను. ఒక్క సంగతిని మాత్రమే విన్నవింతును. నిండు బలముతో లాగుచున్న ఇంజనుకు ఉన్నట్టుండి బరువు తెగిపోయినచో ఏమగును? ఆ క్షణమున ఇంజనును, దాని ప్రక్కనున్న మనుష్యులను కాపాడునది ఏది?

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. ఇంజను వేగమునకు తయారీదారులు పెట్టిన కట్టడిని సడలించినచో బండి మఱింత లాగునని నమ్మువారు నేడు కొల్లలుగా నున్నారు. ఆ కట్టడి ఎందులకు పెట్టబడినదో తెలిసినవాఁడు దానిని సడలించుటకు సాహసింపఁడు. అది తెలుపుటయే నా ప్రయత్నము.

బరువు తెగుట

ఇంజనులో పుట్టిన బలము నేరుగా చక్రమును చేరదు. క్లచ్చి, గేరుపెట్టె, ప్రొపెల్లర్ షాఫ్టు, దాని క్రాసులు, డిఫరెన్షియలు, ఇరుసులు – ఇన్ని మెట్లు దిగి పోవలయును. ఈ వరుసలో ఏ ఒక్కటి విఱిగినను త్రోవ తెగినట్లే. క్రాసు పగులవచ్చును, షాఫ్టు మెలిపడి తెగవచ్చును, గేరు పండ్లు రాలవచ్చును, క్లచ్చి పలక చీలవచ్చును. ఓడలో నైనచో ప్రొపెల్లరు ఊడిపోవచ్చును. లేదా తుపాను వేళ ఓడ వెనుకభాగము అలపైకి లేచి ప్రొపెల్లరు కొంతసేపు గాలిలో తిరుగవచ్చును. అన్నిట ఫలిత మొక్కటే. ఇంజను నెదిరించి నిలిచిన బరువు రెప్పపాటులో మాయమగును.

మోట తోలిన ఇండ్లలోని పెద్దలకు ఇది సులభముగా బోధపడును. నిండిన మోటను లాగుచు ఎద్దులు వాలు దారిని దిగుచుండగా తాడు పుటుక్కున తెగినచో అవి ముందునకు తూలి మోకాళ్లపై పడును. ఎద్దులు చేసిన తప్పు లేదు. అంతవఱకు ఎంత బలముతో లాగినవో ఆ బలముతోడనే లాగినవి. ఎదుటి బరువు పోవుటచేత ఆ బలము వానినే త్రోసివేసినది. ఇంజను సంగతియు నిట్టిదే. ఎద్దు మోకాలిపై పడి ఆగును. ఇంజనుకు ఆగుట తెలియదు.

డీజిలు ఇంజనుకే ఈ భయ మేల?

పెట్రోలు ఇంజనులో గాలి వచ్చు దారికి ఒక తలుపు కలదు. ఆ తలుపు కొంచెము తెఱచిన కొంచెము బలము, నిండుగా తెఱచిన నిండు బలము. డీజిలు ఇంజను స్వభావము వేఱు. గాలి ఎల్లప్పుడును కావలసినంత వచ్చుచుండును. చిమ్మిన ఇంధనమును బట్టియే బలము పుట్టును. ఇంధనపు మోతాదు మాఱక యుండి బరువు పోయినచో చుట్లు పెరుగును. చుట్లు పెరిగిన కొలది సెకనుకు చిమ్ము మాఱులును పెరుగును. కావున డీజిలు ఇంజను తనంతట తాను ఒక వేగమున నిలువదు. దానిని పట్టి నిలుపు కావలివాఁ డొకఁడు తప్పక యుండవలయును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గ్ పట్టణమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపిన నాటినుండి నేటివఱకు ఈ ఇంజను వెంట వేగమును కాయు సాధన మొకటి ఉండియే యున్నది.

కాలమెంత, బలమెంత?

ఒక చిన్న లెక్క చూతము. బలమైన లారీ ఇంజనొకటి నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచు 2000 న్యూటన్ మీటర్ల మెలి బలము నిచ్చుచున్నదనుకొందము. అనగా ఒక మీటరు పొడుగుగల మీట కొనపై సుమారు 200 కిలోల బరువు వ్రేలాడిన యంత బలము. ఇంజనులో తిరుగు భాగముల జడత్వము 2.5 కిలోగ్రాము చదరపు మీటర్లు అనుకొందము. షాఫ్టు తెగిన వెంటనే ఈ బలమంతయు ఇంజను స్వంత భాగములను తిప్పుటకే వినియోగమగును. రాపిడిని లెక్కింపక చూచినచో వేగము ఒక్క సెకనులో 7600 చుట్లకు పైగా పెరుగు జోరు పట్టును. అనగా 2000 చుట్ల నుండి 3000 చుట్లకు చేరుటకు సెకనులో ఎనిమిదవ వంతు చాలును. తోలువాఁడు శబ్దమును విని, సంగతి గ్రహించి, పెడలు మీదనుండి కాలు తీయుటకు ముప్పాతిక సెకనైనను పట్టును. అప్పటికి జరుగవలసినది జరిగియే యుండును. మనిషి నేర్పునకు ఇచట తావు లేదు.

వేగము ఒకటిన్నర రెట్లయినచో హాని కూడ ఒకటిన్నర రెట్లే యనుకొనరాదు. ఇంజను భాగములపై పడు జడత్వ బలము వేగపు వర్గమును బట్టి పెరుగును. పిస్టను పిన్నుతో కలిపి 3 కిలోల బరువు కలదనియు, దాని రాకపోకల పొడుగు 150 మిల్లీమీటర్లనియు ననుకొనుడు. 2000 చుట్ల వద్ద పిస్టను పై కొనకు చేరి వెనుదిరుగునపుడు కనెక్టింగ్ రాడ్డును లాగు బలము సుమారు 1.3 టన్నులు. 3000 చుట్ల వద్ద అది 2.9 టన్నులు. 4000 చుట్ల వద్ద 5 టన్నులను మించును. పొగను బయటికి నెట్టు ఘట్టము చివర పిస్టనుపై నొక్కి యుంచు వాయుపీడనము లేదు గనుక ఈ లాగుడంతయు రాడ్డు బోల్టులపైననే పడును. బోల్టు తెగిన రాడ్డు ఇంజను గోడను బ్రద్దలు కొట్టుకొని వెలుపలికి వచ్చును.

రెండవ హాని వాల్వులకు. వాల్వును మూయు స్ప్రింగు కొంత వేగము వఱకే కాము వెంట పరుగెత్తగలదు. అది దాటినచో వాల్వు వెనుకబడును. డీజిలు ఇంజనులో పిస్టను పైకి వచ్చినపుడు తలకును దానికిని నడుమ మిగులు సందు మిక్కిలి స్వల్పము. వెనుకబడిన వాల్వును పిస్టను వచ్చి గ్రుద్దును. మూఁడవ హాని అన్నిటికంటె భయంకరమైనది. ఫ్లైవీలు, క్లచ్చి పలకలు తమ వేగమునకు తామే తాళలేక ముక్కలై ఎగిరిపోవచ్చును. ఆ ముక్కలకు ఇనుప రేకు అడ్డము కాదు; మనిషి దేహము మొదలే కాదు.

పాత కావలివాఁడు

జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి యంత్రమునకు అమర్చిన గవర్నరును మీరు బొమ్మలలో చూచియుందురు. రెండు ఇనుప గుండ్లు తిరుగుచుండును. వేగము హెచ్చినచో అవి వెలుపలికి విచ్చుకొని ఆవిరి దారిని తగ్గించును. బాష్ కంపెనీవారు 1927లో డీజిలు ఇంధన పంపులను పెద్ద యెత్తున తయారుచేయ నారంభించిన పిమ్మట ఈ సూత్రమే పంపు వెనుకనున్న పెట్టెలో చేరినది. తిరుగు బరువులు స్ప్రింగును నొక్కి ర్యాకును వెనుకకు లాగును, ఇంధనము తగ్గును.

ఈ కావలివానిని నేను నిందింపను. విద్యుత్తుతో పనిలేక, ఎండకు వానకు ఓర్చి, తరతరములు ఇంజనులను కాపాడినవాఁడు. అయినను అతనికి కొన్ని బలహీనతలు కలవు. బరువులు కదలి, స్ప్రింగు నణఁచి, మీటలను త్రోసి, ర్యాకును జరుపవలయును. ప్రతి మెట్టునను కొంత జడత్వము, కొంత రాపిడి. మురికి ఇంధనము చేతనో తుప్పు చేతనో ర్యాకు నిండు మోతాదు వద్ద బిగుసుకొని పోయినచో గవర్నరు ప్రమాదమును తెలిసికొనును గాని చేయి సాచలేదు. బరువులను తిప్పు భాగమే విఱిగినచో స్ప్రింగుకు ఎదురులేక ర్యాకు నిండు ఇంధనము వైపునకే పోవును. అనగా కావలివాఁడు పడిపోయినపుడు తలుపు మూసికొనుటకు మాఱుగా బార్లా తెఱచుకొనును.

కొత్త కావలివాఁడు

1987లో అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ వారి సిరీస్ 60 అను లారీ ఇంజను పుట్టుకతోనే ఎలక్ట్రానిక్ నియంత్రణముతో వెలువడినది. 1995లో జపానున డెన్సో వారు లారీ ఇంజనుకు కామన్ రైల్ పద్ధతిని తెచ్చిరి. 1997లో అది కారులకును వచ్చినది. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధనలు అమలులోనికి వచ్చుటతో కొత్త లారీలలో ఎలక్ట్రానిక్ పద్ధతియే నెలకొన్నది. కార్ఖానాలలో రెవ్ లిమిటరు అనునది ఇట్టి ఇంజనులలో ప్రత్యేకమైన ముట్టె కాదు. ఇంజనును నడుపు గణన పెట్టెలో వ్రాసిపెట్టిన ఒక ఆజ్ఞ.

అది పనిచేయు విధ మిది. క్రాంకుషాఫ్టునకు పండ్లచక్ర మొకటి బిగింపబడి యుండును. 60 పండ్లకు సమముగా స్థలము పంచి, గుర్తు కొఱకు రెండు పండ్లను విడిచిపెట్టుట వాడుకలోనున్న పద్ధతి. చక్రము ప్రక్కనున్న సెన్సారు పన్ను పన్నునకు ఒక విద్యుత్ సంకేతమును పంపును. 2000 చుట్ల వద్ద ఒక పన్నునకును మఱియొక పన్నునకును నడుమ పట్టు కాలము సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ యెడము తగ్గినచో వేగము పెరిగినదని గణన పెట్టె అప్పటికప్పుడే గ్రహించును.

ఇఁక చేయి సాచు తీరు చూడుడు. ఆరు సిలిండర్ల ఇంజనులో 2000 చుట్ల వద్ద సెకనులో నూఱవ వంతునకు ఒకమాఱు ఏదో ఒక సిలిండరులో ఇంధనము చిమ్మవలసియుండును. ప్రతి చిమ్ముటకును గణన పెట్టె వేఱుగా అనుమతి నీయవలయును. అనుమతి లేనిదే ఇంజెక్టరు తెఱచుకొనదు. కట్టడి 2300 చుట్ల వద్ద పెట్టబడినదనుకొందము. మన లెక్కలోని ఇంజను బరువు తెగిన పిమ్మట 2300 చేరుటకు సెకనులో 25వ వంతు పట్టును. ఆ గీత దాటిన వెంటనే రాబోవు సిలిండరునకు ఇంధనము నిరాకరింపబడును. అప్పటికే మండుచున్న ఇంధనమును వెనుకకు పిలుచుట ఎవరికిని సాధ్యము కాదు. అది తన త్రోపు త్రోసి ముగియును. అందుచే వేగము ఇంకొక నూఱు చుట్ల మేరకు పెరిగి 2400 దరిదాపులలో నిలిచి, రాపిడిచే దిగుట కారంభించును. పిస్టను రాడ్డుపై పడు లాగుడు 1.3 టన్నుల నుండి 1.9 టన్నులకు మించదు. ఇంజను దక్కినది.

మఱియొక విశేషము గమనింపదగినది. క్రాంకు జాడ తెలుపు సెన్సారు చెడినచో కాముషాఫ్టు వద్దనున్న రెండవ సెన్సారు సాక్ష్యము చెప్పును. రెండును మూగవోయినచో పిస్టను ఎచట నున్నదో తెలియదు గనుక ఇంధనము చిమ్ముటయే ఆగిపోవును. పాత గవర్నరు విఱిగినచో ఇంధనము హెచ్చును. కొత్త పద్ధతిలో జాడ తప్పినచో ఇంధనము ఆగును. కావలివాఁడు లేనపుడు తలుపు మూసియుండుట – ఇదియే ఈ మార్పునందలి గొప్ప మేలు.

బరువు తెగుట నిత్యకృత్యమైన చోటు

ఈ కాపుదల విలువ తెలియగోరువారు అమెరికా దేశపు ట్రాక్టరు లాగుడు పందెములను చూడవలయును. మన పల్లెలలో ఎద్దులచే బండ లాగించు పందెములకు ఇవి యంత్రయుగపు సోదరులు. వీనికి నియమములు కూర్చిన జాతీయ సంఘము అచట 1969లో ఏర్పడినది. లాగవలసిన స్లెడ్డుపై నున్న బరువుపెట్టె ట్రాక్టరు ముందునకు పోయిన కొలది తానును ముందునకు జరుగుచుండును. అందుచే బరువు క్షణక్షణమును హెచ్చును. ఇంజను నిండు బలముతో నున్న సమయముననే ఇరుసులు, షాఫ్టులు గరిష్ఠమైన ఒత్తిడిని భరింపవలసియుండును. కావున అవి తెగునది కూడ అప్పుడే.

ఇట్టి పందెపు ఇంజనులలో పాత ఇంధన పంపులు గలవి పెక్కు కలవు. ఎక్కువ వేగము కొఱకు వాని గవర్నరు స్ప్రింగులను గట్టివానిగా మార్చుదురు. ఇట్టివానికి వేగమును కనిపెట్టు ఎలక్ట్రానిక్ పెట్టెను వేఱుగా అమర్చి, గీత దాటినంతనే ఇంధనపు మీటనో గాలి తలుపునో మూయించు ఏర్పాటు చేయవచ్చును. అంతటితో తృప్తి పడక, గాలి తలుపునకు ఒక తీగను కట్టి దాని రెండవ కొనను స్లెడ్డునకు తగిలింతురు. కొక్కెము ఊడి ట్రాక్టరు విడివడినచో తీగ లాగబడి గాలి మూసికొనును. క్లచ్చి చుట్టును ఉక్కు కవచము నుంతురు. ఒక కాపుదల తప్పినను రెండవది, రెండవది తప్పినను మూఁడవది యుండవలెనను నియమము ఎట్టిదో ఇచట స్పష్టముగా కానవచ్చును.

ఓడల విషయమునను ఇదే నీతి. 220 కిలోవాట్లు, అంతకు పైబడిన ప్రధాన ఇంజను క్లచ్చితో విడదీయదగినదైనను, రెక్కల వాలు మార్చదగిన ప్రొపెల్లరును తిప్పునదైనను, దానికి గవర్నరు గాక ప్రత్యేకమైన అతివేగ నిరోధక సాధన ముండవలెనని ఓడలను తనిఖీచేయు సంస్థల ఉమ్మడి నియమము. ఆ ఇంజను వేగము తన నిర్ణీత గరిష్ఠ వేగమును నూటికి 20 పాళ్లకు మించి దాటరాదు. విద్యుత్తును పుట్టించు ఇంజనులకు ఈ హద్దు నూటికి 15 పాళ్లే.

కట్టడి చేయలేనిది

ఇంత చెప్పిన పిమ్మట దీని హద్దులను కూడ చెప్పకున్నచో అది మోసమగును. ఎలక్ట్రానిక్ కట్టడి తన చేతిలోనున్న ఇంధనమును మాత్రమే ఆపగలదు. వేఱు దారిని వచ్చిన ఇంధనమును ఆపలేదు. టర్బో సీలు చెడి ఇంజను తన నూనెనే తాను త్రాగ నారంభించినచో ఇంజెక్టరులు మూసినను పరుగు ఆగదు. పీల్చు గాలిలో మండు వాయువు కలిసినచో అంతకంటెను ప్రమాదము. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారమున ఆవిరి మేఘము వ్యాపించినపుడు అచట నిలిపియుంచిన డీజిలు బండి ఆ గాలిని పీల్చి రెచ్చిపోయినది. మంట అంటుకొనుటకు అదియే కారణమై యుండవచ్చునని విచారణ తేల్చినది. 15 మంది మరణించిరి. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను చమురు త్రవ్వు ఓడపై జనరేటరు ఇంజనులు బావినుండి ఎగసిన వాయువును పీల్చి అతివేగమున పరుగెత్తినవి. ఆ ప్రమాదమున 11 మంది అసువులు బాసిరి. ఇట్టి చోటులలో గాలి దారినే మూయు తలుపు ఒక్కటియే శరణ్యము.

రెండవది, చక్రములే ఇంజనును త్రిప్పు సందర్భము. నిండు సరుకుతో ఘాటు రోడ్డు దిగునపుడు తొందరపడి చిన్న గేరు వేసినచో బండి బరువే ఇంజనును హద్దు దాటించును. అప్పటికే ఇంధనము ఆగియుండును గనుక కట్టడికి ఆపుటకు మఱేమియు మిగులదు.

మూఁడవది మిక్కిలి ముఖ్యమైనది. షాఫ్టు తెగిన వేళ ఈ కట్టడి కాపాడునది ఇంజనును, బండిని కాదు. త్రోవ తెగినందున ఎగ్జాస్టు బ్రేకుగాని, ఇంజను బ్రేకుగాని చక్రములను పట్టలేదు. గేరుపెట్టెకు తగిలించిన రిటార్డరు సంగతియు నంతే. చక్రముల బ్రేకు లొక్కటియే దిక్కు. తెగిన షాఫ్టు కొన క్రింద కొరడావలె కొట్టుకొనుచు గాలి గొట్టములను త్రెంపవచ్చును. అందులకే షాఫ్టు క్రింద ఉక్కు పట్టీ నుంతురు. ఆ పట్టీ బరువని తీసివేయువారు తమ బ్రేకులనే తీసివేయుచున్నారని తెలియవలయును.

మనము చేయవలసినది

కావున కార్ఖానా నడుపు సోదరులకు, బండ్లు గల సోదరులకు కొన్ని మనవులు. వేగపు గీతను పైకి జరుపుమని ఎవరైన అడిగినచో ఒప్పుకొనకుఁడు. గీత 2300 నుండి 3000కు జరిగినచో రాడ్డు బోల్టులపై పడు బరువు సుమారు 1.7 రెట్లు అగునని వారికి లెక్క వేసి చూపుఁడు. సర్వీసు చేసినపుడు బరువు లేకుండ పెడలు నిండుగా నొక్కి, తయారీదారులు చెప్పిన సంఖ్య వద్దనే వేగము నిలుచుచున్నదా లేదా యని చూడుఁడు. క్రాసులలో ఆట యున్నదా, షాఫ్టు వణకుచున్నదా, బోల్టులు వదులైనవా యని పరీక్షింపుఁడు. తెగకుండ చూచుకొనుట తెగిన పిమ్మట కాపాడుకొనుటకంటె చౌక. వాయువు వెలువడు చోట పనిచేయు ఇంజనులకు గాలి తలుపు తప్పక పెట్టుఁడు. ఒకమాఱు బరువు తెగి ఇంజను పరుగెత్తినచో, ఏమియు కాలేదని మరల నడుపవలదు. బోల్టులను, వాల్వులను, ఫ్లైవీలును పరీక్షించిన పిమ్మటనే నడుపుఁడు.

ఇంజను లాగు బలమును చూచి మనము మురియుదుము. ఆ బలమును సెకనులో నూఱవ వంతులో ఆపుచున్న చిన్న ఆజ్ఞ ఎవరికంటను పడదు. అది పనిచేసిన దినమున ఏ వార్తయు పుట్టదు. షాఫ్టు ఒక్కటి మార్పించుకొని బండి ఇల్లు చేరును, తోలువాఁడు భోజనమునకు కూర్చుండును. అట్టి వార్త లేని దినములే మన యిండ్లకు కావలయును.